మన గుమ్మం... మన తాళంచెవి!

క్రిమిని చంపేస్తే జబ్బు తగ్గినట్టే అనుకుంటాం. ఆంథ్రాక్స్ దగ్గర ఆ లెక్క తప్పుతుంది. బ్యాక్టీరియా చచ్చినా అది వదిలిన విషం ఒంట్లో తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. ఆ విషం మన కణాల్లోకి ఎలా దూరుతుంది? దూరాక ఏం చేస్తుంది? దాన్ని గుమ్మం దగ్గరే ఆపే దారి ఉందా?

అది 1954. ఇంగ్లండ్‌లోని పోర్టన్ పరిశోధనశాల. హ్యారీ స్మిత్, జేమ్స్ కెపీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు గినీపందులకు ఆంథ్రాక్స్ సోకించి పరిశీలిస్తున్నారు. జబ్బు బాగా ముదిరాక కొన్నింటికి స్ట్రెప్టోమైసిన్ ఇచ్చారు. మందు చక్కగా పనిచేసింది. రక్తంలో బ్యాక్టీరియా జాడే లేకుండా పోయింది. ఇక అవి కోలుకోవాలి కదా! కానీ కోలుకోలేదు. చచ్చిపోయాయి.

క్రిమి లేదు. ప్రాణం మాత్రం పోయింది. మరి చంపిందెవరు?

అప్పటిదాకా చాలామంది నమ్మకం ఒకటే. ఆంథ్రాక్స్ బ్యాక్టీరియా రక్తంలో విపరీతంగా పెరిగిపోయి, సన్నని రక్తనాళాలకు అడ్డుపడుతుందనీ పశువు అందుకే చనిపోతుందనీ అనుకునేవారు. స్మిత్, కెపీ మరో పరీక్ష చేశారు. చావుకు దగ్గరైన గినీపందుల రక్తం తీసి, అందులో ఒక్క క్రిమి కూడా లేకుండా చేసి, ఆ ద్రవాన్ని ఆరోగ్యంగా ఉన్న గినీపందులకు ఎక్కించారు. వాటి ఒళ్లు వాచింది. అవీ చచ్చిపోయాయి. అంటే రక్తంలో ఏదో విషం ఉంది! బ్యాక్టీరియా దాన్ని తయారుచేసి వదులుతోంది. తాను పోయినా తన విషం మిగులుతోంది.

ఆ విషం గుట్టు పూర్తిగా తెలుసుకోవడానికి మరో అరవై ఏళ్లు పట్టింది. తెలిశాక శాస్త్రవేత్తలే ముక్కున వేలేసుకున్నారు. ఎందుకంటే... కణంలోకి దూరడానికి ఆ విషం తనతో తెచ్చుకునేది చాలా తక్కువ. తలుపు మనదే. కత్తెర మనదే. లోపలికి మోసుకెళ్లే సంచీ మనదే. ‘ఇంటిగుట్టు లంకకు చేటు’ అన్న సామెత దీనికి అతికినట్టు సరిపోతుంది.

బొగ్గు మచ్చ జబ్బు

ఆంథ్రాక్స్ మనకు కొత్తదేం కాదు. మన రైతులు దొమ్మ రోగం అనేది దీన్నే. నిన్న సాయంత్రం దాకా గడ్డి మేసిన ఆవు తెల్లారేసరికి కొట్టంలో కాళ్లు బారచాపి పడి ఉంటుంది. పొట్ట ఉబ్బిపోతుంది. ముక్కు నుంచి, నోటి నుంచి నల్లటి రక్తం కారుతుంది. ఆ రక్తం గడ్డకట్టదు. ఆవులు, గేదెలు, గొర్రెలు, మేకలు... గడ్డి మేసే జంతువులన్నిటికీ ఇది వస్తుంది. వాటి నుంచి మనుషులకు అంటుకుంటుంది.

మనిషికి అంటుకునే దారులు ప్రధానంగా మూడు. చచ్చిన పశువు తోలు ఒలిచేటప్పుడో మాంసం కోసేటప్పుడో చేతి మీది చిన్న గాటు లోంచి దూరితే అది చర్మ ఆంథ్రాక్స్. సహజంగా వచ్చే కేసుల్లో నూటికి 95కు పైగా ఇవే. ఆ మాంసం తినడం వల్ల వచ్చేది పేగుల ఆంథ్రాక్స్. గాలిలో పీల్చడం వల్ల వచ్చేది ఊపిరితిత్తుల ఆంథ్రాక్స్. మూడింటిలో ఇదే అత్యంత ప్రమాదకరం. చర్మం మీద ఏర్పడే పుండు నడుమ నల్లటి పక్కు కడుతుంది. గ్రీకు భాషలో ఆంథ్రాక్స్ అంటే బొగ్గు. ఆ పేరు రావడానికి కారణం ఆ నలుపే.

వైద్యచరిత్రలో ఈ జబ్బుది పెద్దపీట. 1876లో వోల్‌స్టైన్ అనే చిన్న ఊళ్లో వైద్యం చేసుకునే రాబర్ట్ కోచ్, ఇంట్లోనే ఏర్పాటు చేసుకున్న ప్రయోగశాలలో దీని బ్యాక్టీరియాను పట్టుకున్నాడు. ఫలానా జబ్బుకు ఫలానా క్రిమి కారణం అని తిరుగులేకుండా నిరూపించడం అదే మొదలు. పరిస్థితులు బాగాలేనప్పుడు ఆ బ్యాక్టీరియా గట్టి పెంకు లాంటి తొడుగులో ముడుచుకుని సిద్ధబీజంగా మారిపోతుందనీ ఆయనే గమనించాడు. ఈ సిద్ధబీజాలు మట్టిలో దశాబ్దాల తరబడి అలాగే పడి ఉండగలవు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో, 1942లో, స్కాట్లండ్ తీరంలోని గ్రూనార్డ్ దీవిలో బ్రిటన్ ప్రభుత్వం ఆంథ్రాక్స్ బాంబుల్ని పరీక్షించింది. ఆ దీవి మళ్లీ సురక్షితం అని ప్రకటించింది ఎప్పుడో తెలుసా? 1990లో. అదీ నేలనంతా రసాయనాలతో శుద్ధి చేశాక!

మట్టిలో పడి ఉన్నంతకాలం సిద్ధబీజం ఎవరినీ ఏమీ చేయదు. ఒంట్లోకి వెళ్లి, అక్కడి వెచ్చదనానికి మేల్కొని, మళ్లీ బ్యాక్టీరియాగా మారాకే అసలు కథ మొదలవుతుంది.

ముగ్గురు కలిస్తేనే...

స్మిత్ బృందం మొదలుపెట్టిన పనిని ఇతరులూ అందుకున్నారు. ఆ విషంలో ఉన్నది ఒకటి కాదు, మూడు ప్రొటీన్లు అని తేలింది. మొదటిది ప్రొటెక్టివ్ యాంటిజెన్. పొట్టిగా పీఏ. రెండోది లీథల్ ఫ్యాక్టర్, అంటే చంపే కారకం. పొట్టిగా ఎల్ఎఫ్. మూడోది ఎడీమా ఫ్యాక్టర్, అంటే వాపు తెచ్చే కారకం. పొట్టిగా ఈఎఫ్.

ఇక్కడో తమాషా ఉంది. ఈ మూడింటిలో ఏ ఒక్కదాన్ని విడిగా ఎక్కించినా జంతువుకు ఏమీ కాదు. ఎల్ఎఫ్, ఈఎఫ్ రెండూ కలిపి ఎక్కించినా అంతే. వాటికి పీఏ తోడైతేనే ప్రమాదం. పీఏతో ఎల్ఎఫ్ కలిస్తే ప్రాణం తీస్తుంది. పీఏతో ఈఎఫ్ కలిస్తే ఒళ్లు వాచిపోతుంది. అంటే లోపల విధ్వంసం చేసేవి ఆ రెండూ. వాటికి తలుపు తీసేది పీఏ. దొంగల ముఠాలో తాళాలు తీసే పనిమంతుడు ఒకడుంటాడు చూశారా, అలాగన్నమాట!

మరి తలుపు తీసే దొంగకు ‘ప్రొటెక్టివ్’ అని రక్షకుడి పేరెందుకు? ఈ ప్రొటీన్‌ను గుర్తుపట్టే యాంటీబాడీలు ఒంట్లో ఉన్న జంతువులకు ఆంథ్రాక్స్ నుంచి రక్షణ దొరుకుతున్నట్టు తేలింది. అందుకే ఆ పేరు. తలుపు తీసేవాణ్ని పట్టుకుంటే మిగతా ఇద్దరూ వీధిలోనే ఉండిపోతారు. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. వైద్యం అంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

తలుపు, కత్తెర, సంచి

మన కణాల పైపొర మీద రకరకాల గ్రాహకాలు ఉంటాయి. బయటి నుంచి వచ్చే హార్మోన్లనూ కబుర్లనూ అందుకునే గుబ్బల్లాంటివి ఇవి. వాటిలో రెండింటిని పీఏ పట్టుకుంటుంది. ఒకటి టీఈఎం8. దీన్ని 2001లో కనుక్కున్నారు. రెండోది సీఎంజీ2. ఇది 2003లో బయటపడింది. ఇవేమీ విషం కోసం పుట్టినవి కావు. కణాలు తమ చుట్టూ ఉన్న కొల్లాజెన్ లాంటి పదార్థాలను పట్టుకుని నిలబడటానికి సాయపడేవి. సీఎంజీ2 జన్యువులో లోపం ఉన్న పిల్లలకు చర్మం, కీళ్లు దెబ్బతినే అరుదైన జబ్బు వస్తుంది. అంటే ఆ తలుపు మనకు కావాలి. దొంగ వస్తాడని తలుపే లేకుండా ఇల్లు కట్టుకోలేం కదా!

పీఏ తలుపును పట్టుకుంది. తర్వాత? కణం పైపొర మీద ఫ్యూరిన్ అనే ఎంజైమ్ ఉంటుంది. ఒంట్లో తయారయ్యే ఎన్నో ప్రొటీన్లను కావాల్సిన చోట కత్తిరించి పనికొచ్చేలా చేయడం దాని వృత్తి. కొవిడ్ వైరస్ మీది ముళ్ల ప్రొటీన్‌ను కత్తిరించి దానికి సాయపడేదీ ఈ ఫ్యూరినే. అది పీఏనూ అలాగే కత్తిరిస్తుంది. దాదాపు నాలుగో వంతు ముక్క ఊడిపోతుంది. మిగిలిన ముక్కకు ఇప్పుడు పక్కవాటితో చేతులు కలిపే వీలు చిక్కుతుంది. అలాంటి ఏడు ముక్కలు చేరి గుండ్రంగా ఉంగరంలా ఏర్పడతాయి. కొన్నిసార్లు ఎనిమిది చేరతాయి.

ఆ ఉంగరం పైన ఒక ముక్కకూ పక్క ముక్కకూ నడుమ ఉండే చోట్లలో ఎల్ఎఫ్, ఈఎఫ్ వచ్చి కూర్చుంటాయి. ఏడు ముక్కల ఉంగరం మీద మూడింటి దాకా పడతాయి. రంగులరాట్నం మీద పిల్లలు ఎక్కి కూర్చున్నట్టు!

ఇప్పుడు కణం తన అలవాటు ప్రకారం పైపొరను లోపలికి ముడుచుకుంటుంది. పైన చేరిన సరుకును చిన్న సంచిలో కట్టి లోపలికి లాక్కోవడం దానికి రోజూ ఉన్న పనే. ఎండోసోమ్ అనే ఆ సంచిలో గ్రాహకం, ఉంగరం, దాని మీద కూర్చున్నవి అన్నీ లోపలికి వెళ్లిపోతాయి. లోపలికి లాగిన సరుకును విడగొట్టడానికి కణం ఆ సంచిలో ఆమ్లం నింపుతుంది. చాలా ప్రొటీన్లకు ఆ పులుపు చావుదెబ్బ. పీఏకు మాత్రం ఆ పులుపే ‘ఇక కానివ్వు’ అన్న సైగ! ఆమ్లం తగలగానే ఉంగరం రూపు మారుతుంది. దాని అడుగు నుంచి పొడవాటి గొట్టం ఒకటి సాగి, సంచి గోడను పొడుచుకుని అవతలకు తేలుతుంది. ఇప్పుడు సంచికీ కణం లోపలి భాగానికీ మధ్య ఒక సొరంగం సిద్ధం.

సూది బెజ్జంలో దారం

సొరంగం అంటే ఏదో పెద్దదనుకునేరు. ఎల్ఎఫ్, ఈఎఫ్ మడతలు పడిన ఉండల్లాంటి ప్రొటీన్లు. వాటి ముందు ఈ గొట్టం మరీ సన్నం. ఉండను ఉండగా దూర్చడం అసాధ్యం. మరెలా? ఊలు ఉండను సూదిలోకి ఎక్కించాలంటే ఏం చేస్తాం? కొస పట్టుకుని విప్పుతాం. ఇక్కడ జరిగేదీ అదే. ఆమ్లం ఆ ప్రొటీన్ల మడతల్ని కాస్త వదులు చేస్తుంది. కొస గొట్టంలోకి దిగుతుంది. తర్వాత మిగతాదంతా విప్పుకుంటూ పోగులా జారిపోతుంది.

గొట్టం మధ్యలో ఒకచోట దారి మరీ ఇరుకు. ఏడు ముక్కల నుంచీ ఫినైల్ అలనైన్ అనే అమైనో ఆమ్లం ఒక్కొక్కటి చొప్పున లోపలికి పొడుచుకొచ్చి అక్కడ చిన్న బిగింపులా ఏర్పడతాయి. పోగు వెనక్కి జారకుండా పట్టి ఉంచేది ఇదే. సంచిలో ఆమ్లం ఎక్కువ, బయట తక్కువ. ఆ తేడాయే పోగును ముందుకు లాగే బలం. ఆ ఆమ్లాన్ని నింపింది ఎవరు? మన కణమే!

పీఏ రూపాన్ని 1997లో మొదటిసారి స్పష్టంగా చూడగలిగారు. సొరంగంగా మారిన రూపాన్ని మాత్రం 2015లో గానీ చూడలేకపోయారు. శీతల ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో దాన్ని దాదాపు అణువు అణువునా చిత్రించారు. హార్వర్డ్‌లో జాన్ కాలియర్ ఈ విషం మీద దశాబ్దాల పాటు పనిచేశారు. లాస్‌ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హాంగ్ జౌ బృందం, కాలియర్ కలిసి సాధించిన ఫలితం అది.

లోపలికి చేరాక...

అవతల పడిన పోగు మళ్లీ మడతలు పడి ఎల్ఎఫ్‌గా, ఈఎఫ్‌గా మారుతుంది. ఇక్కడి నుంచి రెండూ చెరో దారి పడతాయి.

ఎల్ఎఫ్ ఒక కత్తెర. జింకు అణువును పట్టుకుని పనిచేసే ఎంజైమ్. అది ఏం కత్తిరిస్తుందన్నది 1998లో అమెరికా, ఇటలీ శాస్త్రవేత్తలు కనుక్కున్నారు. కణం బయట ఏదైనా జరిగితే ఆ కబురు లోపలి కేంద్రకానికి ఒక వరుసలో చేరుతుంది. ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి బిందె అందించినట్టు ఒక ప్రొటీన్ నుంచి మరో ప్రొటీన్‌కు అందుతుంది. ఆ వరుస నడుమన ఉండే ప్రొటీన్ల కొసను ఎల్ఎఫ్ కత్తిరించేస్తుంది. చెయ్యి తెగిపోయినవాడు బిందె ఎలా అందిస్తాడు? కబురు అక్కడే ఆగిపోతుంది. పెరగమనీ, దాడి చేయమనీ, కాపాడుకోమనీ వచ్చే ఆదేశాలు అందక కణం తబ్బిబ్బవుతుంది. పైగా ఎంజైమ్ కాబట్టి ఒక్క ప్రొటీన్‌ను కోసి ఊరుకోదు. ఒకదాని తర్వాత ఒకటి కోస్తూనే పోతుంది. అందుకే కాస్త విషమే చాలు.

ఈఎఫ్ పని వేరు. అది ఏం చేస్తుందో 1982లో అమెరికా శాస్త్రవేత్త స్టీఫెన్ లెప్లా తేల్చారు. మన కణంలోనే ఉండే కాల్‌మాడ్యులిన్ అనే ప్రొటీన్ తోడు దొరికితేనే ఈఎఫ్ మేల్కొంటుంది. మేల్కొన్నాక కణంలోని ఏటీపీని తీసుకుని సైక్లిక్ ఏఎంపీ అనే పదార్థంగా మార్చేస్తుంది. సైక్లిక్ ఏఎంపీ కణానికి కొత్తదేం కాదు. అవసరమైనప్పుడు చిటికెడు తయారుచేసుకుంటుంది. చిటికెడు వేయాల్సిన చోట చేటెడు పడితే? నీళ్లూ లవణాలూ అదుపు తప్పుతాయి. ద్రవం కణజాలంలోకి చేరి వాపు వస్తుంది. కలరాలో పేగుల నుంచి నీళ్లు పోటెత్తడానికీ ఈ సైక్లిక్ ఏఎంపీ హద్దు మీరడమే కారణం. కాకపోతే కలరా విషం మన ఎంజైమ్‌నే రెచ్చగొట్టి పని చేయిస్తుంది. ఆంథ్రాక్స్ తన ఎంజైమ్‌నే లోపలికి పంపుతుంది.

ఏటీపీ పేరు వినగానే మనకు గుర్తుకు రావాల్సిన తెలుగువాడు ఒకరున్నారు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. కణాలకు శక్తినిచ్చే ఈ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి గుర్తించింది ఆయనే. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా దాన్ని కనుక్కున్నారు. కణం ఖజానాలోని ఆ సొమ్మునే ఈఎఫ్ దారి మళ్లిస్తుంది. ఈ కథలో సుబ్బారావు పేరు మరోసారి వస్తుంది. కాస్త ఆగండి.

ముందు కాపలాదారు... తర్వాత గుండె

కోట మీద దాడి చేసేవాడు ముందుగా ఏం చేస్తాడు? కాపలావాళ్ల నోరు నొక్కుతాడు. ఆంథ్రాక్స్ విషం మొదటి దెబ్బ మన తెల్లరక్తకణాల మీదే. క్రిమిని మింగాల్సినవీ, ‘శత్రువు వచ్చాడు’ అని మిగతా సైన్యాన్ని పిలవాల్సినవీ అవే. కబుర్ల వరుస తెగి, సైక్లిక్ ఏఎంపీ ఎక్కువైపోయి అవి మొద్దుబారిపోతాయి. ఆ సందులో బ్యాక్టీరియా లక్షలు, కోట్లుగా పెరుగుతుంది. తెల్లరక్తకణాల మీద సీఎంజీ2 లేకుండా ఎలుకల్ని పెంచి పరీక్షించినప్పుడు, అవి ఆంథ్రాక్స్‌ను తట్టుకున్నాయి. కాపలాదారు మెలకువగా ఉంటే క్రిమి పెరగలేదన్నమాట.

మరి చివరికి ప్రాణం తీసేది ఎక్కడ దెబ్బ తగలడం వల్ల? అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో లెప్లా, సహచరులు దీనికీ 2013లో జవాబు చెప్పారు. ఒక్కో రకం ఎలుకలో ఒక్కో అవయవంలో మాత్రమే సీఎంజీ2 తలుపు లేకుండా చేసి చూశారు. గుండె కండరంలోనూ రక్తనాళాల కండరాల్లోనూ తలుపు లేని ఎలుకలు పీఏ, ఎల్ఎఫ్ జంటను తట్టుకున్నాయి. కాలేయంలో తలుపు లేని ఎలుకలు పీఏ, ఈఎఫ్ జంటను తట్టుకున్నాయి. అంటే ఒక జంట గుండెనూ రక్తనాళాలనూ, మరో జంట కాలేయాన్నీ దెబ్బతీస్తున్నాయి. ముదిరిన రోగుల్లో బీపీ ఒక్కసారిగా పడిపోవడం, ఒళ్లంతా నీరు చేరడం ఎందుకో దీంతో కొంత అర్థమైంది.

నొప్పి లేకపోవడమే చేటు

చర్మ ఆంథ్రాక్స్‌లో ఒక వింత ఉంది. ముందు దోమ కుట్టినట్టు దురద. తర్వాత నీటి పొక్కు. అది చితికి పుండు పడి, నడుమ నల్లటి పక్కు కడుతుంది. చుట్టూ బాగా వాపు. ఇంతా అయితే నొప్పి ఉండాలి కదా! ఉండదు. ఉన్నా చాలా తక్కువ. 2021లో హార్వర్డ్ శాస్త్రవేత్తల బృందం ఎలుకల మీద చేసిన పరిశోధనలో, నొప్పి కబురు మోసే నాడీకణాల మీదా సీఎంజీ2 తలుపు ఉందని తేలింది. పీఏ, ఈఎఫ్ జంట ఆ కణాల్లో చేరితే ఎలుకలకు నొప్పి తెలియడం తగ్గింది.

శాస్త్రవేత్తలకు ఇది కొత్త నొప్పి మందులకు దారి చూపవచ్చు. పల్లెలో రోగికి మాత్రం నొప్పి లేకపోవడమే కొంప ముంచుతుంది. ‘నొప్పి లేదుగా, అదే పోతుందిలే’ అని రోజులు గడిపేస్తాడు. వైద్యం అందకపోతే చర్మ ఆంథ్రాక్స్ సోకిన వాళ్లలో అయిదో వంతు మంది దాకా చనిపోవచ్చు. సకాలంలో మందు పడితే నూటికి ఒక్కరికన్నా తక్కువ!

గడియ పెట్టేదెలా?

మందులు లేకపోలేదు. పెన్సిలిన్, సిప్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్ ఈ బ్యాక్టీరియాను చంపుతాయి. డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ కుటుంబానిది. ఆ కుటుంబంలో మొదట పుట్టిన ఆరియోమైసిన్ 1948లో లోకానికి పరిచయమైంది. దాన్ని కనుక్కున్నది బెంజమిన్ డుగ్గర్. ఆ పని జరిగిన లెడర్లీ సంస్థలో పరిశోధనలకు సారథి మన సుబ్బారావే! విషం దొంగిలించే ఏటీపీని గుర్తించిన మనిషే, ఆ క్రిమిని చంపే మందుల కుటుంబానికీ పెద్దదిక్కయ్యాడు.

అయితే యాంటీబయాటిక్ చేసేది కార్ఖానాను మూసేయడం. అప్పటికే సరుకుతో రోడ్డెక్కిన లారీలను అది ఆపలేదు. గినీపందుల విషయంలో జరిగింది అదే. 2001లో అమెరికాలో టపా కవర్లలో ఆంథ్రాక్స్ సిద్ధబీజాలు పెట్టి పంపినప్పుడు 22 మందికి జబ్బు సోకింది. వారిలో 11 మందికి ఊపిరితిత్తుల ఆంథ్రాక్స్. మంచి ఆసుపత్రులు, గట్టి మందులు అందుబాటులో ఉన్నా అయిదుగురు చనిపోయారు.

ఆ దెబ్బతో విషాన్నే ఆపే మందుల కోసం వేట జోరందుకుంది. పీఏను పట్టుకుని, అది తలుపు దగ్గరకు చేరకుండా చేసే యాంటీబాడీ రాక్సీబాక్యుమాబ్‌కు 2012లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఒబిల్టోక్సాక్సిమాబ్ అనే మరోదానికి 2016లో వచ్చింది. మనుషులకు కావాలని జబ్బు అంటించి పరీక్షించలేరు కాబట్టి జంతువుల మీద చూపిన ఫలితాలతోనే వీటిని అనుమతించారు. వీటికీ ఒక హద్దుంది. రక్తంలో తిరుగుతున్న పీఏను ఇవి పట్టుకోగలవు. కణం లోపలికి చేరిపోయిన ఎల్ఎఫ్‌ను, ఈఎఫ్‌ను అందుకోలేవు. అందుకే ఈ జబ్బులో ప్రతి గంటా విలువైనదే.

అన్నిటికన్నా మేలు, దొంగ రాకముందే గడియ పెట్టడం. అదే టీకా. 1881లో ఫ్రాన్స్‌లోని పుయీ ల ఫోర్ అనే పల్లెలో లూయీ పాశ్చర్ అందరి ఎదుటా పందెం కాసినట్టు పరీక్ష పెట్టాడు. టీకా వేసిన గొర్రెలకూ, వేయని గొర్రెలకూ మే 31న ఆంథ్రాక్స్ ఎక్కించాడు. జూన్ 2న జనం వచ్చి చూశారు. టీకా వేసినవి నిలబడి ఉన్నాయి. వేయని 24 గొర్రెల్లో ఎక్కువ భాగం అప్పటికే చచ్చి పడి ఉన్నాయి. మిగిలినవీ ఆ రాత్రికి పోయాయి. తర్వాత 1930ల్లో దక్షిణాఫ్రికాలో మాక్స్ స్టెర్న్ మరింత సురక్షితమైన పశువుల టీకా తయారుచేశాడు. ఆయన ఎంచుకున్న బ్యాక్టీరియా రకానికి ఒంటి మీది రక్షణ తొడుగు ఉండదు. కాబట్టి జబ్బు తేలేదు. పీఏను మాత్రం తయారుచేస్తుంది. దాంతో పశువు ఒంట్లో పీఏను గుర్తుపట్టే యాంటీబాడీలు పుడతాయి. పశువులకు నేటికీ విస్తృతంగా వాడుతున్నది ఈ రకం టీకాయే.

మనుషుల టీకాకు అమెరికాలో 1970లో అనుమతి వచ్చింది. దానిలోనూ ముఖ్య సరుకు పీఏనే. ప్రమాదం ఎక్కువగా ఉన్న సైనికులు, ప్రయోగశాల సిబ్బంది లాంటివారికి ఇస్తారు. దాన్ని మెరుగుపరిచిన మరో టీకాకు 2023లో అనుమతి దొరికింది. మన దగ్గర ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో రాకేశ్ భట్నాగర్ బృందం జన్యు పద్ధతిలో పీఏను తయారుచేసి టీకా కోసం ఏళ్ల తరబడి కృషి చేసింది.

ఇంకో సంగతి. దొంగ పనితనాన్ని మంచికి వాడుకోవచ్చేమోనని కూడా శాస్త్రవేత్తలు చూస్తున్నారు. ఫ్యూరిన్‌కు బదులు క్యాన్సర్ కణితుల దగ్గర ఎక్కువగా ఉండే ఎంజైమ్‌లు మాత్రమే కత్తిరించగలిగేలా పీఏను మార్చారు. అప్పుడు ఆ తలుపు కణితి దగ్గరే తెరుచుకుంటుంది. ఎలుకల్లో మంచి ఫలితాలు కనిపించాయి.

మన ఊళ్లలో...

ఇదంతా ఎక్కడో ప్రయోగశాలల కథ అనుకోవద్దు. 2011 జూలై, ఆగస్టు నెలల్లో చిత్తూరు జిల్లా ముసలిమడుగు గ్రామంలో చర్మ ఆంథ్రాక్స్ కేసులు బయటపడ్డాయి. అప్పటి విశాఖ ఏజెన్సీ, ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లాలోని గిరిజన గూడేల్లోనూ ఇది పలుమార్లు కనిపించింది. పేదవాడికి గొర్రె చచ్చిపోతే అది నష్టం. కనీసం మాంసమైనా దక్కుతుందని కోసుకుంటాడు. ఊళ్లో నలుగురికీ పంచుతాడు. దాంతో జబ్బూ నలుగురికీ పంచినట్టవుతుంది.

కోయకపోతే ఏమిటి లాభం? ఉంది. కళేబరాన్ని కోయకుండా ఉంచితే లోపలి బ్యాక్టీరియాకు గాలి తగలదు. గాలి తగలకపోతే సిద్ధబీజాలుగా మారలేదు. కుళ్లే క్రమంలో చాలావరకు చచ్చిపోతుంది. కత్తి పడి రక్తం నేల మీద చిందిందా, గాలి తగిలి సిద్ధబీజాలు తయారవుతాయి. ఇక ఆ మేత బీడు మనవళ్ల కాలం దాకా ప్రమాదమే. అంటే ఒక్క పశువును కోయకుండా పూడ్చిపెడితే కాపాడేది ఆ ఇంటిని మాత్రమే కాదు, రాబోయే తరాల మందల్ని కూడా.

ఇవి గుర్తుంచుకోండి

* జబ్బు లేకుండానే పశువు ఉన్నట్టుండి చనిపోయి, ముక్కు, నోరు, మలద్వారం నుంచి నల్లటి రక్తం కారుతుంటే దొమ్మ రోగమని అనుమానించాలి. కోయకూడదు. తోలు ఒలవకూడదు. కుక్కలను, కాకులను దగ్గరకు రానీయకూడదు.

* వెంటనే పశువైద్యుడికి కబురు చేయాలి. ఆయన చెప్పినట్టు లోతైన గోతిలో పూడ్చాలి. లేదా దహనం చేయాలి.

* అలాంటి మాంసాన్ని ‘బాగా ఉడికిస్తే పోతుందిలే’ అనుకోవద్దు. మామూలు వంటకు సిద్ధబీజాలు లొంగుతాయన్న హామీ లేదు.

* ఒకసారి జబ్బు వచ్చిన ప్రాంతంలో పశువులకు, గొర్రెలకు ఏటా టీకా వేయించాలి.

* పశువును ముట్టుకున్న వారం పది రోజుల్లో చర్మం మీద నొప్పి లేని పొక్కు, నల్లటి పక్కు, చుట్టూ వాపు కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. పశువు సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. ఆ ఒక్క మాట వైద్యాన్ని సరైన దారిలో పెడుతుంది.

* రోగిని వెలివేయనక్కర్లేదు. మనిషి నుంచి మనిషికి ఇది అంటుకోవడం చాలా అరుదు. పుండును మాత్రం చేత్తో ముట్టుకోకుండా కప్పి ఉంచాలి.

విషం కణం గుమ్మంలో అడుగుపెట్టాక దాన్ని బయటికి ఈడ్చే మందు ఇంకా లేదు. గుమ్మం దాటకముందు ఆపడానికి మాత్రం దారులు చాలానే ఉన్నాయి. పశువుకు ఒక టీకా, ఒరలోనే ఉంచిన కత్తి, వేళకు పడిన మాత్ర... అన్నీ మన చేతిలోనివే.